45 అంటే 45 ముక్కలు కాదు సార్

జూన్ మొదటి వారంలో అమెరికా నుంచి ఒక మెయిల్ వచ్చింది. అందులో చెప్పిన వస్తువు వినాయక చవితి మండపాలు లేచే రోజుల్లో పద్మారావు నగర్‌లోని మా ఇంటికి చేరింది. చేరాక దాంట్లోంచి పాట బయటికి రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. విదేశం నుంచి గ్రామఫోన్ రికార్డు తెప్పించుకోవాలని తంటాలు పడేవాళ్ళు మన ఊళ్ళో కొద్దిమందైనా ఉన్నారని తెలుసు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నా. ఇది చదివితే డబ్బులేమీ మిగలవు, టెన్షన్ కొంచెం తగ్గొచ్చు.

ముందు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. మా ఇంట్లో ఘంటసాల, సుశీల తప్ప వేరే గొంతు వినపడేది కాదు. కాలేజీ రోజుల్లో ఎమీ వైన్‌హౌస్ అనే ఇంగ్లండ్ గాయని 2006 ఆల్బమ్ తెగ వినేవాణ్ణి, అందులో కొన్ని పాటలకి వెనక వాయించింది ఎవరబ్బా, ఇంత పాతకాలం మోత ఎక్కణ్ణుంచి తెచ్చారు అని వెతికితే డాప్-కింగ్స్ అనే బ్యాండు తేలింది, ఆ బ్యాండు తోక పట్టుకుని పోతే డాప్‌టోన్ అనే లేబుల్, అంటే రికార్డులు వేసే కంపెనీ, తేలింది. గాబ్రియల్ రాత్, నీల్ షుగర్‌మన్ అని ఇద్దరు వాయిద్యగాళ్ళు 2001లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పెట్టుకున్నారు. బుష్‌విక్ పేటలో ఒక పాత ఇంటిని తామే బాగుచేసుకుని స్టూడియో చేసుకున్నారు. లోకమంతా కంప్యూటర్లలో రికార్డింగ్ చేస్తుంటే వీళ్ళు టేపు మీద, అందరూ ఒకే గదిలో కూర్చుని వాయించే పద్ధతి పట్టుకున్నారు.

నన్ను నిజంగా పట్టేసింది మాత్రం వాళ్ళ పాటగాళ్ళ కథలు. షారన్ జోన్స్ రైకర్స్ ఐలాండ్ జైల్లో గార్డు ఉద్యోగం చేసింది, డబ్బుల బండికి సెక్యూరిటీగా కూడా పనిచేసింది, మొదటి ఆల్బమ్ 2002లో వచ్చేనాటికి ఆమె వయసు నలభై దాటి చాలా రోజులైంది. చార్ల్స్ బ్రాడ్లీ అయితే ఏళ్ళ తరబడి క్లబ్బుల్లో జేమ్స్ బ్రౌన్ అనే పెద్ద పాటగాడి వేషం కట్టి పొట్టపోసుకున్నాడు, అంటే మన దగ్గర ఆర్కెస్ట్రాల్లో జూనియర్ ఫలానా అని పోస్టరు మీద వేస్తారే, అలాగన్నమాట. సొంత పేరుతో మొదటి ఆల్బమ్ 2011లో వచ్చింది, అప్పటికి ఆయనకి 62. షారన్ 2016 నవంబర్‌లో పోయింది, బ్రాడ్లీ ఏడాది తిరక్కుండానే 2017 సెప్టెంబర్‌లో పోయాడు, ఇద్దరినీ క్యాన్సరే తీసుకెళ్ళింది. బ్రాడ్లీ పాడుతుంటే మధ్యలో ఒక కేక పెడతాడు, అది విని మా అమ్మ ఒకసారి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, నాకేదో అయిందని.

జూన్‌లో మెయిల్ పంపింది డాప్‌టోన్ కాదు, వాళ్ళ బాటలోనే నడిచే ఇంకో బుల్లి లేబుల్. పేరు రాయట్లేదు, రాస్తే నాకేదో కమీషన్ ముడుతోందనుకుంటారు. ఈ చిన్న లేబుళ్ళు పంపే కబుర్లు ఊరి నుంచి పెదనాన్న రాసిన ఉత్తరంలా ఉంటాయి. టేపు మిషన్ మూలపడింది, బాగుచేయించాం. డ్రమ్మర్ చెయ్యి నొప్పి తగ్గింది. ఫలానా ఊళ్ళలో కచేరీలున్నాయి (మన ఊరు ఎప్పుడూ ఉండదు, అయినా ప్రతిసారీ పైనుంచి కిందిదాకా చూస్తా). చివర్లో అసలు సంగతి, నాలుగేళ్ళ క్రితం అయిపోయిన ఒక 45ని (ఏడంగుళాల చిన్న రికార్డు) మళ్ళీ అచ్చు వేస్తున్నాం, ప్రీ-ఆర్డర్ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి.

వాళ్ళ మధ్యాహ్నం పన్నెండంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ళ ఎండాకాలం లెక్కలో. చలికాలమైతే పదిన్నర అవుతుంది. ఈ గంట తేడా గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు. పదిన్నర అనుకుని తీరిగ్గా భోంచేసి, పెరుగన్నం గిన్నె కడిగి మరీ కూర్చున్నా. అప్పటికి ఎర్ర రంగు రికార్డు అయిపోయింది, నల్లది మిగిలింది. నల్లదే మంచిదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నా.

రికార్డు 8 డాలర్లు. రవాణా 24 డాలర్లు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అచ్చం అదే, అణా పైసలతో సహా లెక్క సరిపోయింది! ఇక్కడే నేను చేసిన రెండో తప్పు. ఏడంగుళాల రికార్డు బరువు ఎంతని, ఒకటి పంపినా మూడు పంపినా రవాణా ఖర్చు దాదాపు అంతే పడుతుంది. స్నేహితుల్ని అడిగి నలుగురూ కలిసి ఆర్డర్ పెట్టుకోవాల్సింది. నా స్నేహితుల్లో ఎవరూ ఈ పాటలు వినరు, అది వేరే సమస్య.

తర్వాత జూలై మొత్తం ఏమీ జరగలేదు. ప్రీ-ఆర్డర్ అంటేనే అంత, ముందు డబ్బులు తీసుకుని ఆ తర్వాత అచ్చుకి వెళ్తారు. చిన్న లేబుల్ దగ్గర ఎక్కువ పెట్టుబడి ఉండదు కాబట్టి మన డబ్బే వాళ్ళకి ఆధారం. దీని మీద నాకు ఫిర్యాదేమీ లేదు, బోనాలకి ముందే చీటీ కట్టినట్టు అనుకున్నా. ఆగస్టు చివర్లో పార్సిల్ బయల్దేరిందని నంబరు వచ్చింది. న్యూయార్క్, తర్వాత మధ్యలో ఎక్కడో ఆగడం, తర్వాత మన దేశం. ఆ తర్వాత ‘క్లియరెన్స్ కోసం ఆపబడినది’ అని పడింది. అక్కడే ఆరు రోజులు.

ఏడో రోజు ఫోన్‌కి ఒక మెసేజ్, కేవైసీ అప్‌లోడ్ చేయండి అని లింకు. ఇలాంటి లింకులు నొక్కి లక్షలు పోగొట్టుకున్నవాళ్ళ గురించి పేపర్లో రోజూ చదువుతున్నాం కదా, నేను నొక్కలేదు. రెండు రోజులు భీష్మించుకుని కూర్చున్నా. మూడో రోజు పార్సిల్ కంపెనీ సైట్లోకి నేనే వెళ్ళి నంబరు కొట్టి చూస్తే నిజంగానే కేవైసీ అడుగుతున్నారు. మెసేజ్ లింకు జోలికి పోకుండా ఇలా సైట్లోంచే చేసుకోండి, అదొక్కటే నా సలహా. ఆధార్, బిల్లు కాపీ, డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ పెట్టా. అయిపోయిందనుకున్నా.

మర్నాడు ఫోన్. అవతల ఒక పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు, గొంతులో మాత్రం అనుమానం.

“మీరు వ్యాపారం చేస్తారా?”

“లేదండీ, ఉద్యోగం.”

“మరి ఇన్ని ఎందుకు తెప్పిస్తున్నారు?”

“ఎన్నండీ? ఒకటే కదా.”

“బిల్లులో 45 అని ఉంది. ఒక దాని ధరే వేశారు. 45 ముక్కలకి 8 డాలర్లేంటి?”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బిల్లు మీద నిజంగానే ఆ లేబుల్ వాళ్ళు పాట పేరు రాసి పక్కన 45 అని వేశారు, వాళ్ళ లోకంలో ఆ మాటకి ఒకటే అర్థం మరి. సార్, 45 అంటే ముక్కలు కాదు సార్, అది నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది, అందుకని దాని పేరే అది అన్నా. అటువైపు కాసేపు నిశ్శబ్దం. “దేని మీద తిరుగుతుంది?” అన్నాడు. గ్రామఫోన్ ప్లేయర్ మీద అని, 1949లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ ఈ సైజు తెచ్చిందని, అంతకుముందు ఏడాదే కొలంబియా వాళ్ళు నిమిషానికి 33 చిల్లర చుట్లు తిరిగే ఎల్పీ తెచ్చారని, అదీ ఇదీ వేరని, ఇందులో ఒక్కో వైపు ఒక్కో పాటే పడుతుందని మొత్తం పాఠం చెప్పేశా. ఆయన ఓపిగ్గా విని, “మా నాన్నగారి దగ్గర కూడా ఉండేవి, 78 అనేవారు” అన్నాడు. అవును సార్, అదీ చుట్ల లెక్కే అన్నా. “ఇదే ముక్క మెయిల్లో రాసి పెట్టండి” అన్నాడు. పెట్టా. రెండు రోజుల్లో వదిలేశారు. సుంకం, వాళ్ళ చార్జీలు కలిపి చివరికి ఆ ఎనిమిది డాలర్ల వస్తువు నాకు అయిదింతలు పడింది. కాబట్టి మీరు ఆర్డర్ పెట్టేటప్పుడే ‘ఒక రికార్డు, ఏడంగుళాలు’ అని బిల్లులో రాయమని వాళ్ళని అడగండి. అడిగితే రాస్తారు, చిన్న లేబుళ్ళలో మెయిల్ చదివేది మనుషులే.

పార్సిల్ వచ్చిన రోజు మా వీధి చివర మండపం కడుతున్నారు, డెలివరీ కుర్రాడు కర్రల కింద నుంచి వంగి బండి తెచ్చాడు. అట్టపెట్టె, లోపల ఇంకో రెండు అట్టలు, వాటి మధ్య కాగితం తొడుగు, అందులో రికార్డు. సాసర్ కన్నా కొంచెం పెద్దది. లైటు కింద వంచి చూస్తే గీతలు తడి నల్లరాయిలా మెరుస్తున్నాయి. మధ్యలో రంధ్రం మాత్రం చాలా పెద్దది. పాతకాలం పెద్ద రూపాయి బిళ్ళ కూడా అందులోంచి జారి కింద పడుతుంది.

ఇది తెలియని సంగతి కాదు. అమెరికా 45లకి రంధ్రం పెద్దగానే ఉంటుంది, అక్కడి జ్యూక్‌బాక్సులకి ఆ సైజే వాడారు. ఫోటోల్లో వందసార్లు చూశాను. మన దగ్గర ఈపీలని వచ్చేవి, దమ్ దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన సినిమా పాటలవి, అవీ 45 చుట్లే, కానీ నేను చిన్నప్పటి నుంచి చూసినవాటికి రంధ్రం ఎల్పీకి ఉన్నట్టు సన్నగానే ఉండేది. చూడ్డం వేరు, చేతిలో పెట్టుకుని ఇప్పుడు దీన్ని దేని మీద ఎక్కించాలిరా దేవుడా అనుకోవడం వేరు.

ఇంతకీ నా దగ్గర ప్లేయరే లేదు. మలక్‌పేటలో మా మామ ఇంట్లో సజ్జ మీద సూట్‌కేసు లాంటిది ఒకటుంది, మూత తీస్తే ప్లేయర్. ఆదివారం వెళ్ళి అడిగా. “ఏంరా, ఫోన్ల వింటలేవా?” అన్నాడు. వింటున్నా మామా, ఇది వేరే అన్నా. “ముప్పై ఏండ్లాయె అది మోగక. తీస్కపో, అడ్డమే ఉన్నది” అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇంటికి తెచ్చి పళ్ళెం పైకి లేపితే లోపల బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. స్పిరిట్ పెట్టి దూదితో తుడవడానికి ఒక సాయంత్రం. సూది ఉండే చేతి కొసన సెల్లోటేపుతో ఏదో అతికించి ఉంది, టేపు ఊడదీస్తే పావలా బిళ్ళ, ఖడ్గమృగం బొమ్మది. సూది ఎగిరి గంతులేయకుండా మామ పెట్టుకున్న బరువన్నమాట. దాదాపు మూడు గ్రాముల చారాణా. అంత బరువు అదనంగా మోపితే కొత్త రికార్డు గీతలు చెక్కుకుపోతాయి కదా, తీసి పక్కన పెట్టా.

బెల్టు కోసం కోఠీ గుజరాతీ గల్లీ. నాలుగు షాపుల్లో లేదన్నారు, అయిదో షాపులో ఒక ముసలాయన దారం ఉందా అన్నాడు. అంటే బెల్టు తిరిగే దారిలో దారం చుట్టి కొలిచి తెమ్మని. మళ్ళీ ఇంటికి, మళ్ళీ కోఠీ. ఆ పండగ రోజుల్లో కోఠీకి రెండుసార్లు వెళ్ళి రావడమంటే ఏంటో హైదరాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. డబ్బాలోంచి బెల్టులు ఒక్కొక్కటీ తీసి నా దారం పక్కన సాగదీసి చూసి, దారం కన్నా కొంచెం పొట్టిది ఇచ్చాడు, బిగువుండాలి కదా అని. సూది కూడా ఆయనే ఇచ్చాడు. ఇచ్చి ఒక మాట చెప్పాడు, సూది పక్కన చిన్న మీట ఉంటుంది, ఒక వైపు 78, ఇంకో వైపు ఎల్పీ, తిప్పడం మర్చిపోకు, 78 సూది లావు, నీ రికార్డు నాశనమైపోతుంది. ఇంటికొచ్చి చూస్తే మీట 78 మీదే ఉంది.

ఇక మిగిలింది ఆ పెద్ద రంధ్రం. ఆన్‌లైన్లో దాని మధ్యలో పెట్టే బిళ్ళలు, అడాప్టర్లంటారు, దొరుకుతాయి, రావడానికి పది రోజులన్నారు, నాకు అంత ఓపిక లేదు. అరిగిన హవాయి చెప్పు అడుగు నుంచి గుండ్రంగా ఒక ముక్క కోసి మధ్యలో మేకుతో రంధ్రం పెట్టా. రికార్డు కూర్చుంది. తిరిగింది. పాట మొదలైంది కూడా. అయితే పాడే ఆవిడ ఉయ్యాల ఊగుతూ పాడుతున్నట్టు గొంతు పైకీ కిందికీ పోతోంది. మధ్య రంధ్రం ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయినా చాలు, సూది ఒక చుట్టులో కాస్త ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఆ మేరకు స్వరం వణుకుతుంది. పియానో పట్టి పట్టి వాయించే చోట ఇది నరకం.

రాణిగంజ్‌లో లేత్ పనివాళ్ళుంటారు కదా అని అక్కడికి పోయా. మోటార్లకి బుష్షులు తిప్పే చిన్న షాపు. రికార్డు చేతికిచ్చి, దీని మధ్యలో కూర్చోవాలి, దీని మధ్యలో మళ్ళీ సన్న రంధ్రం ఉండాలి అని చెప్పా, నెట్‌లో చూసింది గుర్తుంది కాబట్టి 38 మిల్లీమీటర్లు అని కూడా అన్నా. ఆయన నా మాట పట్టించుకోకుండా చేతులు లుంగీకి తుడుచుకుని, రికార్డుని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని (ఎవరూ చెప్పకుండానే!) వెర్నియర్ పెట్టి చూశాడు.

“ఇంచున్నర అనుండ్రి సార్. 38 ఏంది, దీని తల్లి, ఇంచున్నర.”

నిజమే, అమెరికా వాడు అంగుళాల్లోనే కొలుస్తాడు, ఇంచున్నర అంటే 38.1. ఆ పాయింట్ వన్ నాకు తట్టలేదు. సన్న రంధ్రానికి నేను తెచ్చిన మామ ఈపీని కొలిచాడు. తెల్ల నైలాన్ కడ్డీ బిగించి మిషన్ ఆన్ చేశాడు. కొబ్బరి తురుములా తెల్లటి చుట్టలు రాలుతున్నాయి, ఆయన మాత్రం నాతో మాట్లాడుతూనే వేలి కొసతో అంచు తడిమి చూసుకుంటున్నాడు. కొంచెం తీసి, ఆపి, రికార్డు తొడిగి చూసి, మళ్ళీ వెంట్రుకంత తీసి. బిగుతుగా ఉండకూడదు, ఆడకూడదు. మూడోసారి తొడిగినప్పుడు రికార్డు దానంతట అది మెల్లగా కిందికి దిగింది, మధ్యలో గాలి బయటికి పోయే చిన్న శబ్దం. “గట్లుండాలె” అన్నాడు.

ఒకటే అడిగితే మూడు చేతిలో పెట్టాడు. “సెట్టింగుకే సార్ టైము. ఒకటి జేసినా మూడు జేసినా ఒకటే.” డబ్బులు మాత్రం ఒకదానికే తీసుకున్నాడు. జూన్‌లో ఈయన పక్కనుంటే ఆ 24 డాలర్లలోనే ఇంకో రెండు రికార్డులు తెప్పించుకునేవాణ్ణి.

నిమజ్జనం అయ్యేదాకా ఆగా, ఎదురుగా మండపంలో డీజే పెడుతుంటే ఎవరి పాటా వినపడదు. వీధి చల్లబడిన రాత్రి పెట్టా. ముందు సూది దిగిన చప్పుడు, తర్వాత చిటపట రెండు, తర్వాత డ్రమ్ము ఒక్కటే, తర్వాత బేస్ గిటార్ అడుగు వేసుకుంటూ లోపలికి వచ్చింది. ఫంక్ అనే ఈ రకం సంగీతంలో కిటుకంతా మొదటి దెబ్బ మీద బరువు పెట్టడంలో ఉంటుంది, మన తాళంలో సమం లాగా, మిగతా దెబ్బలన్నీ దాని చుట్టూ అల్లరి చేస్తుంటాయి. బాకాలు ఒక్కసారిగా లేచినప్పుడు ఆ సూట్‌కేసు స్పీకరు గడగడలాడింది. ఫోన్లో ఇదే పాట ఇంతకన్నా శుభ్రంగా వినపడుతుంది, అబద్ధమెందుకు. అయినా రెండున్నర నిమిషాలకి సూది లోపలికి జారి టిక్ టిక్ మంటుంటే లేచి వెళ్ళి తిప్పి వేయాల్సిందే. పన్నెండుసార్లు తిప్పా. అమ్మకి రెండో వైపే నచ్చింది, అందులో పాట లేదు, వాయిద్యమే. ఎవరూ అరవట్లేదు కాబట్టి బాగుందంది.

అమ్మ ఊరుకోక మామకి ఫోన్ చేసి చెప్పింది, అన్నా, నీ డబ్బా మోగుతున్నదే అని. ఆదివారం పొద్దున్నే వచ్చాడు, చంకలో తన ఈపీలు పెట్టుకుని. ముందు మర్యాదకి నాది విన్నాడు. బాకాల దగ్గర తలాడించి, “పెండ్లి బ్యాండ్ లెక్కనే ఉందిరా, మంచిగనే కొట్టిన్రు” అన్నాడు. తర్వాత తనవి పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, ఆరు. మధ్యాహ్నం భోజనం కూడా ప్లేయర్ పక్కనే. గీతలు పడిన చోట సూది గంతేస్తే, “నా చారాణా ఏదిరా?” అని అడిగి, వెతికించి, టేపు తెప్పించి మళ్ళీ అతికించుకున్నాడు. సాయంత్రం ఆటో పిలవమన్నాడు. మూత వేసి, గొళ్ళెం పెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అడ్డమే ఉందన్నావు కదా మామా అంటే, “గప్పుడు మోగకపోతుండె గద” అన్నాడు.

ప్రస్తుతం నా దగ్గర రికార్డు ఉంది, నైలాన్ అడాప్టర్లు మూడున్నాయి, ప్లేయర్ లేదు. ఈ గురువారం జుమేరాత్ బజార్‌కి పోతున్నా, అక్కడ దొరక్కపోతే ఆదివారం ఎర్రగడ్డ. మీలో ఎవరికైనా అడాప్టర్ కావాలంటే చెప్పండి, ఒకటి ఉంచుకుని రెండు ఇచ్చేస్తా. అన్నట్టు నిన్న రాత్రి ఆ లేబుల్ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది, ప్రీ-ఆర్డర్ శుక్రవారం మన తొమ్మిదిన్నరకి. ఈసారి మూడు ఆర్డర్ పెడుతున్నా.